పాట ఆగాక కెమెరా ఎటు తిరుగుతుంది?

ఆఫీసులో లంచ్ దగ్గర నెలకోసారైనా ఎవరో ఒకరు అడుగుతారు, "వీకెండ్‌కి మంచి మ్యూజిక్ డాక్యుమెంటరీ ఏదైనా చెప్పు బ్రో" అని. ఓటీటీల్లో వాటికేం కొదవలేదు. కానీ ఓ పది చూశాక పదకొండోది చూడకుండానే కథ చెప్పేయొచ్చు. చిన్న ఊరు, పేద ఇల్లు, గిటారు, హిట్టు, మత్తు, పతనం, మళ్ళీ స్టేజి. మధ్యమధ్యలో సోఫాలో కూర్చున్న పెద్దమనుషులు "అలాంటివాడు మళ్ళీ పుట్టడు" అంటుంటారు. చాలావాటికి డబ్బు పెట్టేది కూడా ఆ స్టార్ మనుషులో, ఆ పాటల హక్కులున్న కంపెనీయో. వాటిని డాక్యుమెంటరీ అనడం కంటే పొడుగాటి ట్రైలర్ అనడం నయం.

అందుకని నేనొక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. పాట ఆగాక కెమెరా ఏం చేస్తుంది? చప్పట్లు కాగానే కట్ అయి తర్వాతి పాటకి ఎగిరిపోతుందా? పాడిన మనిషి చెమట తుడుచుకుని, నీళ్ళు తాగి, పక్కవాళ్ళతో గొడవపడి, ఇంటికెళ్ళేదాకా వెంట ఉంటుందా? ఉండేవి తక్కువ. ఈ వ్యాసం ఆ తక్కువ వాటి గురించి. ఈ పరీక్ష నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. నా ఫోన్లో నేను చేసిన తప్పు వల్ల వచ్చింది.

మాది టెక్కలి. అమ్మ పుట్టిల్లు ఉద్దానంలో, పలాస నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో. ఆ ఊళ్ళో వరసకి తాత అయ్యే ఒకాయన జముకుల కథ చెప్పేవాడు. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. జముకు చూడ్డానికి చిన్న డప్పులా ఉంటుంది గానీ దాన్ని కొట్టరు, మీటుతారు. డొల్లకి ఒక వైపు తోలు బిగించి, ఆ తోలు మధ్యలోంచి తీగ లాగుతారు. తీగని మీటుతూ బిగువు మారుస్తుంటే మూలుగులాంటి ఒక మోత వస్తుంది. ఒకసారి విన్నవాళ్ళు దాన్ని ఇంకే వాయిద్యంతోనూ పొరబడరు. మామూలుగా మేళంలో ముగ్గురుంటారు. ఒకరు కథ నడిపితే మిగిలినవాళ్ళు వంత. అమ్మవారి కథ ఎత్తుకుంటే రాత్రంతా సాగుతుంది. పాట, మాట, అడుగు, వెటకారం అన్నీ అందులో కలిసే ఉంటాయి.

నాలుగేళ్ళ కిందట సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్లో రికార్డు చేశాను. మొత్తం పదకొండు క్లిప్పులు. ఆయన పాట ఎత్తుకోగానే ఎర్ర బటన్ నొక్కేవాణ్ణి. పాట ఆగగానే ఆపేసేవాణ్ణి. మధ్యలో ఆయన చెప్పిందంతా నా దృష్టిలో వేస్టు. ఫోన్లో స్టోరేజ్ నిండిపోతుందని ఒక భయం కూడా. ఆయన ఇది గమనించాడు. "పాటకేటి మనవడా, ఎవులైనా పాడతారు. మజ్జిలో మాటుంది సూడు, అదీ మాది" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ మాట కూడా రికార్డు కాలేదు.

ఆయన ఇప్పుడు లేడు. ఉద్దానంలో ఇలాంటి కబురు తెలిశాక ఏమైందని ఎవరూ అడగరు, డయాలసిస్ ఎన్నాళ్ళు చేయించారని అడుగుతారు. నా దగ్గరున్న పదకొండు పాటలూ పక్క ఊళ్ళవాళ్ళు కూడా పాడతారు. ఆయనకి జముకు ఎవరు నేర్పారు, 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను కొబ్బరి చెట్లని కూల్చేశాక మేళానికి డబ్బులిచ్చేవాళ్ళు ఏమయ్యారు, చిన్నప్పుడు ఏ కథ చెప్పొద్దని ఎవరు బెదిరించారు, ఇవన్నీ ఆయన చెప్పాడు. నాకు సగం సగం గుర్తున్నాయి. పేర్లు అసలు గుర్తు లేవు. అప్పట్నుంచి ఏ మ్యూజిక్ డాక్యుమెంటరీ చూసినా నా కన్ను పాట చివరి క్షణం మీదే ఉంటోంది.

నాలాంటి తప్పే చాలా పెద్ద స్థాయిలో చేసినవాళ్ళ సినిమాతో మొదలుపెడదాం. 1972 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లోని ఒక చర్చిలో అరీతా ఫ్రాంక్లిన్ రెండు రాత్రులు భక్తి గీతాలు పాడింది. షూట్ చేసింది సిడ్నీ పోలాక్, హాలీవుడ్‌లో పేరున్న డైరెక్టర్. ఆల్బమ్ అదే ఏడాది వచ్చి పెద్ద హిట్టయింది. సినిమా మాత్రం బయటికి రాలేదు. కారణం వింటే నవ్వొస్తుంది, తర్వాత భయమేస్తుంది. క్లాప్ కొట్టలేదు. సినిమా కెమెరా బొమ్మని మాత్రమే పడుతుంది, శబ్దం వేరే యంత్రంలో రికార్డవుతుంది. క్లాప్ చెక్కలు కలిసిన ఫ్రేమునీ, 'టప్' అన్న శబ్దాన్నీ ఒకచోట పెడితే రెండూ జతపడతాయి. అది లేకపోతే ఎవరి పెదాలు ఏ మాటకి కదిలాయో వెతుక్కోవాలి. మా భాషలో చెప్పాలంటే రెండు సర్వర్ల లాగులున్నాయి, దేనికీ టైమ్‌స్టాంప్ లేదు.

కంప్యూటర్లు వచ్చి దాన్ని జతచేయగలిగాక హక్కుల తగాదా మొదలైంది. బతికున్నంతకాలం అరీతా ఆ సినిమాని ఒప్పుకోలేదు. ఆమె పోయాక, కుటుంబం సరేనన్నాక, 2018 చివర్లో 'అమేజింగ్ గ్రేస్' బయటికొచ్చింది. ఇందులో ఇంటర్వ్యూలు లేవు, వెనక నుంచి చెప్పే గొంతు లేదు. అరీతా పాటల మధ్యలో దాదాపు మాట్లాడదు. కానీ ఒకచోట ఆమె పియానో దగ్గర పాడుతుంటే, పాస్టర్ అయిన వాళ్ళ నాన్న లేచి వచ్చి ఆమె ముఖం మీది చెమట తుడుస్తాడు. దేశమంతా తెలిసిన గాయని ఆ ఒక్క క్షణం చర్చిలో పాడే చిన్నపిల్ల అయిపోతుంది. జాగ్రత్తగా ప్లాన్ చేసిన ఏ ఇంటర్వ్యూలోనూ ఇది దొరకదు. కెమెరా ఆగకుండా తిరగబట్టి దొరికింది. అయితే ఆమె వద్దన్న సినిమాని ఆమె పోయాక మనం చూస్తున్నాం అన్న ముల్లు ఒకటి నాకు గుచ్చుకుంటూనే ఉంటుంది. మీరూ దాన్ని మర్చిపోకుండా చూడండి.

రెండోది 'సమ్మర్ ఆఫ్ సోల్', 2021లో వచ్చింది. డైరెక్టర్ క్వెస్ట్‌లవ్ స్వయంగా డ్రమ్మర్. 1969 ఎండాకాలంలో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో, నల్లజాతివాళ్ళు ఉండే పేటలో, ఆరు వారాంతాలు ఉచితంగా సంగీతోత్సవం జరిగింది. స్టీవీ వండర్, నీనా సిమోన్, మహాలియా జాక్సన్ లాంటివాళ్ళు పాడారు. మొత్తమ్మీద సుమారు 3 లక్షల మంది వచ్చారు. వీడియో తీశారు, కొనేవాళ్ళు లేక ఆ టేపులు దాదాపు యాభై ఏళ్ళు నేలమాళిగలో పడున్నాయి. అదే ఎండాకాలంలో జరిగిన వుడ్‌స్టాక్ మాత్రం సినిమాగా వచ్చి ప్రపంచమంతా తిరిగింది.

ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది పాటల కంటే ఒక ప్రేక్షకుడు. చిన్నపిల్లాడిగా ఆ పండగకి వెళ్ళిన మనిషి పెద్దయ్యాక ఆ టేపు చూస్తూ ఏడుస్తాడు. తాను చూసింది నిజమేనని, అదేం కల కాదని అతనికి అప్పటిదాకా రుజువు లేదు. రికార్డు లేకపోతే మనిషి తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేని స్థితికి వస్తాడు. ఉత్సవం నడుస్తుండగానే జూలై 20న చంద్రుడి మీద మనిషి దిగాడు. టీవీవాళ్ళు హార్లెమ్‌లో మైకు పెట్టి అడిగితే, ఆ డబ్బు ఇక్కడి పేదల ఆకలికి ఖర్చు పెట్టొచ్చు కదా అంటారు అక్కడివాళ్ళు. పాట పక్కన ఆ మాట ఉండబట్టే ఆ పాటలు ఎవరి కోసమో మనకి తెలుస్తుంది.

1969 అనగానే ఉద్దానం వాళ్ళకి ఇంకోటి గుర్తొస్తుంది. పలాస దగ్గర బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి, అమ్మవారి కథలు చెప్పే ఆ జముకుల కథ రూపాన్నే తీసుకుని రైతుకూలీల కథలు కట్టి ఊరూరా ఆడాడు. శ్రీకాకుళం గిరిజన రైతాంగ పోరాటంలోకి వెళ్ళి, ఆ ఏడాది డిసెంబర్ 22న రంగమటియా కొండల దగ్గర పోలీసుల చేతిలో చనిపోయాడు. హార్లెమ్‌లో స్టీవీ వండర్ డ్రమ్ములు వాయించిన ఏడాదే ఇది. అక్కడి టేపులు యాభై ఏళ్ళకైనా వెలుగు చూశాయి. పాణిగ్రాహి ఎలా అడుగు వేసేవాడు, ఏ మాట దగ్గర ఆగి జనం వైపు చూసేవాడు అన్నది మనకి పెద్దవాళ్ళ నోట్లో, పుస్తకాల్లో మిగిలింది. జముకుల కథ అంటే కంటితో చూడాల్సిన కళ. దాన్ని మనం చదువుతున్నాం.

పాడేవాణ్ణి రాజ్యం ఎలా చూస్తుంది అన్న ప్రశ్న మీద మన దేశంలో వచ్చిన గొప్ప డాక్యుమెంటరీ ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'జై భీమ్ కామ్రేడ్' (2011). 1997 జూలై 11న ముంబై రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారని నిరసన చేస్తున్న దళితుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. అది చూసి తట్టుకోలేక కొద్ది రోజులకే విలాస్ ఘోగ్రే అనే గాయకుడు ఉరివేసుకున్నాడు. పట్వర్ధన్‌కి అతను కొత్త కాదు. 1985లో తీసిన 'బాంబే అవర్ సిటీ'లో అతని పాట ఉంది. స్నేహితుడు ఎందుకు చనిపోయాడని మొదలైన వెతుకులాట పద్నాలుగేళ్ళు సాగింది.

మూడు గంటల సినిమా. భయపడకండి, సగం పాటలే. పేటల్లో, సందుల్లో, అంబేడ్కర్ జయంతి ఊరేగింపుల్లో మరాఠీ పాటలు. పాట ఆగాక కెమెరా ఆ పాడినవాళ్ళ ఇంటికి వెళ్తుంది. గిన్నెలు తోముకుంటూ వాళ్ళమ్మ ఏమనుకుంటోందో వింటుంది. కోర్టుకి వెళ్తుంది, అక్కడ ఏళ్ళు గడుస్తాయి. రెండో సగంలో కబీర్ కళా మంచ్ అనే పుణె యువ బృందం వస్తుంది. షీతల్ సాఠే గొంతు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. సినిమా పూర్తయ్యేసరికి ఆ పిల్లలే పోలీసుల భయంతో అజ్ఞాతంలోకి వెళ్ళిపోతారు. ఘోగ్రేతో మొదలైన ప్రశ్న షీతల్ దగ్గరికి వచ్చి ఆగుతుంది. శ్రీకాకుళం వాళ్ళకి ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ కొంచెం ఊపిరి పీల్చుకోవాలంటే శబ్నమ్ విర్మాణి దగ్గరికి వెళ్ళండి. బెంగళూరు నుంచి కబీర్ ప్రాజెక్ట్ పేరుతో ఆమె తీసిన నాలుగు సినిమాల్లో నా ఓటు 'కబీరా ఖడా బజార్ మే'కి. మధ్యప్రదేశ్ మాళ్వాలో లునియాఖేడి అనే పల్లెకి చెందిన ప్రహ్లాద్ తిపానియా దళిత కుటుంబంలో పుట్టిన స్కూలు మాస్టారు, తంబూరా పట్టి కబీర్ని పాడతాడు. పూజలూ తంతులూ వద్దన్న కబీర్ని పాడే ఆ మనిషి, కబీర్‌పంథ్‌లో మహంతుగా మారి చౌకా ఆరతి చేయడానికి సిద్ధపడతాడు. స్నేహితులు నిలదీస్తారు. ఆయన సమాధానం చెప్తాడు. అది వాళ్ళకి చాలదు, కొన్నిసార్లు ఆయనకీ చాలదు.

మామూలు డైరెక్టరైతే ఇది కట్ చేసేవాడు. ఇంత మంచి గాయకుణ్ణి ఇరుకున పెట్టడమెందుకు అని. విర్మాణి పెట్టేసింది, ఆయన పెట్టనిచ్చాడు. భక్తి పాటని మనం ఎప్పుడూ ప్రశాంతత అనుకుంటాం, యోగా క్లాసులో నేపథ్య సంగీతంలాగా. పాటకీ పాడేవాడి బతుక్కీ మధ్య ఎంత పేచీ ఉంటుందో ఈ సినిమా చూపిస్తుంది. ఇది చూశాక తిపానియా పాట ఇంకా బాగా వినపడుతుంది.

పని పాటల గురించి అయితే 'కో కీ పా లూ' (2017). 'అప్ డౌన్ అండ్ సైడ్‌వేస్' అని ఇంకో పేరు. అనుష్క మీనాక్షి, ఈశ్వర్ శ్రీకుమార్ కలిసి తీశారు. నాగాలాండ్ ఫేక్ దగ్గర కొండ మెట్ల పొలాల్లో జట్లు జట్లుగా వరి పని చేస్తూ పాడుకునే పాటలు. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకుంటారు, గొంతులు పక్కకీ పైకీ కిందకీ పోతుంటాయి. పలుగు లేచేటప్పుడు ఒక స్వరం, పడేటప్పుడు ఇంకోటి. ఇక్కడ పాట ఆగాక కెమెరా ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. పని ఆగలేదు కాబట్టి. ఒక ముసలామె, ఈ పొలం ఒంటరిగా చేయగలిగేది కాదు, అందుకే పాట కూడా ఒంటరిది కాదు అన్న భావం తన ధోరణిలో చెప్పుకుపోతుంటే, ఒక సంగీత సిద్ధాంతం విన్నట్టుంటుంది.

నా ఫిర్యాదు ఒకటే. సినిమా మరీ అందంగా ఉంది. సైన్యం, చర్చి ఆ పాటల్ని ఏం చేశాయన్నది మబ్బు నీడలా వచ్చి వెళ్ళిపోతుంది. దీన్ని చూసినప్పుడల్లా పలాస, కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని జీడిపిక్కలు పగలగొడుతుంటారు. పిక్క తొక్కలోని రసం వేళ్ళని నల్లగా కాల్చేస్తుంది. ఆ పనికీ ఒక లయ ఉంది, ఊడుపులకి ఉన్నట్టే. అయితే ఊడుపులప్పుడు నోరు ఖాళీగా, చుట్టూ గాలి ఉండేది. ఫ్యాక్టరీలో యంత్రాల మోత, కిలోల లెక్క. కూలి లెక్క మారితే పాట ఏమవుతుంది? ఎవరైనా పలాసలో కెమెరా పెట్టి ఈ ఒక్క ప్రశ్న పట్టుకుంటే చాలు, సినిమా అయిపోతుంది.

ఊరొదిలిన వాళ్ళ పాట కావాలంటే సురభి శర్మ తీసిన 'బిదేసియా ఇన్ బంబయి' (2013). ముంబైలో టాక్సీలు నడిపే, కూలి పనులు చేసే భోజ్‌పురివాళ్ళ సంగీతం. కల్పనా పటోవారీ లాంటి స్టార్ ఒక వైపు, స్టేజి దొరుకుతుందేమోనని తిరిగే పాటగాడు ఇంకో వైపు. పాటలు చవక ఫోన్ల మెమరీ కార్డుల్లో చేతులు మారుతుంటాయి. ఇంటి దగ్గర ఆలి, పట్నంలో మగడు, మధ్యలో ఫోన్. పాట కూడా ఆ ఫోన్ సంభాషణలాగే ఉంటుంది. బూతు పాటలని మనం ముక్కు చిట్లించేవాటిని శర్మ చిట్లించకుండా వింటుంది. వీళ్ళని ఊరికి తరిమేస్తామనే రాజకీయం నడుస్తున్న చోట, రాత్రి మైకు పెట్టి తమ భాషలో పాడుకోవడమే 'మేమున్నాం' అని చెప్పడం అని అర్థమవుతుంది.

మన తీరం నుంచి చేపల వేటకి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళేవాళ్ళ కథ 2025లో 'తండేల్'గా వచ్చింది. 2018లో పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చిన జాలర్ల కథ దానికి ఆధారం. సినిమా పాటలు ఊళ్ళల్లో మోగిపోయాయి. పడవ మీద నెలల తరబడి ఉండే ఆ మనుషులు తమలో తాము ఏం పాడుకుంటారో, ఫోన్లలో ఏం దాచుకుంటారో మాత్రం మనకి తెలీదు. అది సురభి శర్మ లాంటి మనిషికి దొరకాల్సిన సబ్జెక్టు.

ఇన్ని మెచ్చుకున్నాక ఒకదాని మీద జాగ్రత్త చెప్పాలి. 'సర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్' (2012) అందరి లిస్టులోనూ ఉంటుంది, ఆస్కార్ కూడా వచ్చింది. డెట్రాయిట్‌లో ఇళ్ళు కూలగొట్టే పని చేసుకునే రోడ్రిగెజ్ పాటలు, ఆయనకే తెలియకుండా దక్షిణాఫ్రికాలో ఇంటింటా మోగాయి. చూస్తే కళ్ళు చెమరుస్తాయి, నాకూ చెమర్చాయి. తర్వాత తెలిసింది, ఆయన 1979లో, 1981లో ఆస్ట్రేలియా వెళ్ళి పెద్ద సభల్లో పాడాడని. సినిమాలో ఆ ఊసే లేదు. అది చెప్తే అద్భుతం తగ్గుతుంది కదా. మన టీవీ షోల 'మట్టిలో మాణిక్యం' పద్ధతి కూడా ఇదే. అప్పటిదాకా ఎవరూ ఎరగరని, మేమే కనిపెట్టామని చెప్తారు. కానీ ఆ మాణిక్యాన్ని ముప్పై ఏళ్ళుగా పిలిచి, బియ్యమిచ్చి, పాడించుకున్న ఊళ్ళు ఉంటాయి. వాళ్ళ పేరు ఎండ్ టైటిల్స్‌లో కూడా ఉండదు.

తెలుగులో ఈ పని డాక్యుమెంటరీల కంటే ఫీచర్ సినిమాలే ఎక్కువ చేశాయి, అందుకే సగం సగం అయింది. కరుణ కుమార్ 'పలాస 1978' (2020) జముకుల కళాకారుల ఇంటి నుంచి మొదలవడం నాకు పండగలా అనిపించింది. రఘు కుంచె ఉత్తరాంధ్ర బాణీలని నిజంగా ప్రేమించి వాడాడు. నెక్కిలీసు పాట మా టెక్కలి ఆటోల్లో ఎంత మోగిందో చెప్పలేను. కానీ కథ కత్తి పట్టుకున్నాక జముకు వెనక్కి పోతుంది. కులం, కొట్లాట నిజమే, అవి ఉండాల్సిందే. ఆ వాయిద్యానికి ఆ కొట్లాటలో ఏమైందన్నది మాత్రం నాకు కావాలనిపించింది. వంగపండు ప్రసాదరావుది ఇంకో రకం. శ్రీకాకుళం పోరాటం నుంచి పుట్టిన ఆయన పాట పల్లవి 2009లో 'మగధీర'లో తేలితే ఆయన అభ్యంతరం చెప్పారు. పాట పాపులర్ అయ్యేకొద్దీ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెరిగిపోతుంటుంది. దాన్ని ఆపగలిగేది ఒక మంచి డాక్యుమెంటరీ.

'బలగం' (2023) చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడితే థియేటర్లే కాదు, తెరలు కట్టిన ఊళ్ళూ ఏడ్చాయి. మొగిలయ్యకి కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మీద ఉన్నారని తర్వాత వార్తల్లో చూశాం. 2024 డిసెంబర్లో పోయారు. పాట ఆగాక వాళ్ళ దగ్గరికి వెళ్ళిన కెమెరాలు ఆస్పత్రి కెమెరాలే. వరంగల్ వైపు మనిషి గురించి చదువుతుంటే నాకు అరుగు మీద తాత కనిపించాడు. మనం కళాకారుడి ఇంటికి వెళ్ళేది పాట హిట్టయినప్పుడు, లేదా ఆస్పత్రిలో చేరినప్పుడు. ఆ రెంటికీ మధ్య ఉన్నదే వాళ్ళ బతుకు, "మజ్జిలో మాట" అంటే అదే.

ఈ సినిమాలన్నీ చూశాక నేను నేర్చుకున్నది నాలుగు పనులు, ఫోన్ ఉన్న ఎవరైనా చేయొచ్చు. బటన్ నొక్కగానే తేదీ, ఊరు, పాడేవాళ్ళ పేరు గట్టిగా చెప్పండి, వాళ్ళు సరేనన్నాకే. అదే మన క్లాప్. పాట ఆగాక కనీసం పది నిమిషాలు ఆపకండి. ఎవరు నేర్పారు, ఎవరు పిలిచేవారు, ఎంతిచ్చేవారు అని అడగండి. ఫైలుని వాట్సాప్‌లో పంపి అదే దాచుకున్నామనుకోకండి, అది వీడియోని నొక్కి చిన్నది చేస్తుంది. అసలు ఫైలు రెండు చోట్ల పెట్టి, ఒక కాపీ పాడినవాళ్ళ ఇంట్లో ఇవ్వండి.

చూడాల్సిన వరస అడిగితే మొదట 'సమ్మర్ ఆఫ్ సోల్', హుషారుగా ఉంటుంది. తర్వాత 'కో కీ పా లూ', 'బిదేసియా', 'కబీరా'. బాగా తీరిక ఉన్న ఆదివారం 'జై భీమ్ కామ్రేడ్'. 'అమేజింగ్ గ్రేస్' రాత్రి, మంచి స్పీకర్ల మీద.

నా పదకొండు క్లిప్పుల్లో ఏడోది మిగతావాటికంటే నలభై సెకన్లు పొడుగు. పాట ఆగాక ఆపడం మర్చిపోయి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను. తెర అంతా నల్లగా ఉంటుంది. తాత వంతాయనతో తీగ సడలిందని, చలికి తోలు మెత్తబడిందని అంటుంటాడు. లోపల్నుంచి ఎవరో టీ తాగుతారా అని అడుగుతారు. తర్వాత ఆయన తీగని బిగిస్తూ మెల్లగా మీటిన చప్పుడు నాలుగు సార్లు వినిపిస్తుంది. మొత్తం పదకొండింటిలో నేను మళ్ళీ మళ్ళీ పెట్టుకునేది అదే.